బోడిమిట్టపల్లి బడికి ఇరవైమంది

బోడిమిట్టపల్లిలో పొద్దున ఆరింటికి మంజులమ్మ కంట పడకుండా ఎవరూ తప్పించుకోలేరు. ఇంట్లో ఒక్క ఆవున్నా సరే, క్యాను పట్టుకుని పాల సొసైటీకి రావలసిందే. అక్కడ పాలు కొలిచేది మంజులమ్మే. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. పాలు మిషన్లో పెట్టి, వెన్న శాతం చూసి, చీటీ చేతికిచ్చేలోగా ఆ ఇంటి సంగతులన్నీ అడిగేస్తుంది. కొన్ని అడగకుండానే తెలిసిపోతాయి. క్యాను మామ తెచ్చాడంటే కోడలు పుట్టింటికి వెళ్ళిందన్నమాట. అన్నదమ్ములు రెండు క్యాన్లు తెచ్చారంటే పొయ్యిలు వేరయ్యాయన్నమాట. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మిషను మోత మీద అరిచీ అరిచీ అలా అయిందని ఆమె చెప్పుకుంటుంది గాని, పెళ్ళినాడు కూడా అంతే ఉండేదని ఆమె భర్త రామచంద్రప్ప నవ్వుతూ అంటాడు.

తమిళనాడులోని వేప్పనపల్లి నుంచి కుప్పం వైపు వెళ్ళే దారిలో, ఆంధ్రా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది ఆ ఊరు. చుట్టూ మామిడితోటలు, టమోటా మళ్ళు. ఇళ్ళలో తెలుగు, బస్సులో తమిళం, సంతకు పోతే కన్నడం. ఊరి మొదట్లో ఐదో తరగతి వరకు తెలుగు బడి. రెండు గదులు, ఒక వరండా. మంజులమ్మ పుట్టిందీ ఆ ఊళ్ళోనే, మేనమామ కొడుకును చేసుకుని ఉండిపోయిందీ ఆ ఊళ్ళోనే, చదివిందీ ఆ బడిలోనే.

చదువులో ఆమె చురుకు. ఐదో తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆరో తరగతికి పెద్దగుట్టూరు పోవాలి. మధ్యలో పెద్ద బండరాతి గుట్ట. దాన్ని చుట్టుకుని, వంక దాటి నడవాలి. మొదటిరోజు వాళ్ళ నాన్న వెంట వెళ్ళి పేరు రాయించి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. వంకలో నీళ్ళు మొలలోతు పారుతుంటే ఆయన ఆమెను భుజాల మీద ఎక్కించుకుని దాటాడు. ఇవతలి గట్టున దించి, ఆయాసపడుతూ, "చాల్లే తల్లీ, ఈ సదువు మనకు అందేది కాదు" అన్నాడు. మంజులమ్మ చదువు ఒక్క రోజుతో అయిపోయింది. తండ్రి మీద ఆమెకు ఏనాడూ కోపం రాలేదు. కోపం వచ్చిందల్లా ఆ బండ మీదే.

ఇదంతా జరిగి నలభై ఏళ్ళు. మొన్నటి ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే, ఇంకా పాలు పోసేవాళ్ళు వరసలో ఉండగా, బడి టీచరు మనోరమ సొసైటీ ముందుకు వచ్చి నిలబడింది. ఆమె రోజూ వేప్పనపల్లి నుంచి తొమ్మిదింటి బస్సుకు వస్తుంది. ఆరున్నరకు ఆమెను అక్కడ చూసి మంజులమ్మ చేతిలోని చీటీ అలాగే పట్టుకుంది.

"ఏం టీచరమ్మా, ఇంత పొద్దున్నే? ఒళ్ళు బాగుండాదా?"

టీచరు విద్యాశాఖ పంపిన కాగితం ఒకటి ఇచ్చింది. తమిళంలో ఉంది. సొసైటీ లెక్కలన్నీ తమిళమే కాబట్టి మంజులమ్మ కూడబలుక్కుని చదవగలదు. ఇరవైమంది కంటే తక్కువ పిల్లలున్న బడులను దగ్గర్లోని పెద్ద బడిలో కలుపుతారట. బోడిమిట్టపల్లి బడిని పెద్దగుట్టూరు బడిలో కలపాలని ఆలోచన. అక్కడ టీచర్లు ఎక్కువ, కంప్యూటర్లు ఉన్నాయి. రెండు బడుల మధ్య దూరం ఒకటిన్నర కిలోమీటరు. ఊరివాళ్ళు చెప్పుకోవలసింది ఏమన్నా ఉంటే జూన్ నెలలో అధికారి వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు.

"ఒకటిన్నరా?" మంజులమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "ఎవరప్పా కొలిచినోళ్ళు? బండలో బొక్క కొట్టి కొలిచినారా?"

"మ్యాప్‌లో అట్లే ఉంది" అంది టీచరు. "మంజులమ్మా, నాది ఉద్యోగం. నేనేమీ మాట్లాడకూడదు. మీరు మాట్లాడొచ్చు."

ఆ మాట చెప్పి టీచరు బడివైపు నడిచింది. బడిలో అప్పటికి ఉన్నది పదహారుమంది. ఐదో తరగతి ముగించుకుని ఐదుగురు వెళ్ళిపోతే మిగిలేది పదకొండు.

మంజులమ్మ ఊరుకునే రకం కాదు. వరసలో ఉన్నవాళ్ళనందరినీ కదలనీయకుండా, కాగితం పైకెత్తి విషయం చెప్పింది. "మన బడి పోతాది. మన పిల్లోళ్ళు బండ సుట్టుకొని పోవాల. ఆడ తెలుగు చెప్పే టీచరే లేదు. మనమంతా ఒకటై వద్దని చెప్పాల. ఏమంటారు?"

వరసలో నాలుగోవాడు శ్రీరామప్ప. పదెకరాల మామిడితోట ఉన్న రైతు, మాట సూటిగా అంటాడు. తన క్యాను కింద పెట్టి, తలపాగా సరిచేసుకుని అన్నాడు: "చెప్పేది బాగానే ఉండాది మంజులమ్మా. ముందు నీ మనవరాలు యాడ చదువుతుండాదో చెప్పు."

జనం ఘొల్లుమన్నారు. మంజులమ్మ మనవరాలు సహనకు ఏడేళ్ళు. రోజూ ఏడున్నరకు పసుపుపచ్చ వ్యాన్ ఎక్కి టౌనులోని ఇంగ్లీషు బడికి పోతుంది. శ్రీరామప్ప మనవడు మోహిత్ కూడా అదే వ్యాన్లో పోతాడు. ఊళ్ళో సగంమంది పిల్లలు అంతే. ఆ పూట సొసైటీలో మిషను మోత ఒక్కటే వినిపించింది.

ఇంటికి వచ్చి కోడలిని కదిలించింది. పవిత్ర బీకాం చదివింది. పెళ్ళికి ముందు హోసూరులో ఒక కంపెనీలో రెండేళ్ళు ఉద్యోగం చేసింది. మంజులమ్మ కొడుకు యశ్వంత్ ఇప్పటికీ హోసూరులోనే షిఫ్టులకు పోయి వారానికొకసారి ఇంటికి వస్తాడు. పిల్ల చదువు సంగతి పూర్తిగా పవిత్రదే.

"సహనను మన బడిలో చేర్చుదామా?" అంది మంజులమ్మ, వీలైనంత మెల్లగా.

పవిత్ర చపాతీ కర్ర ఆపి తలెత్తింది. "అత్తా, నేను ఈ బడి లాంటి బడిలోనే చదువుకున్నాను. కాలేజీకి పోయినాక మూడు నెల్లు వెనక బెంచీలో నోరు మూసుకొని కూర్చున్నాను. ఇంగ్లీషులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందరూ నవ్వుతారని బాత్రూములోకి పోయి ఏడ్చినాను. నా బిడ్డకు అట్ల కాకూడదు."

తనకు అందని చదువు గురించి మంజులమ్మకు తెలుసు. అందిన చదువులో కూడా ఏడుపు ఉంటుందని అప్పుడే తెలిసింది. రెండురోజులు అత్తాకోడళ్ళు అవసరమైన మాటలు తప్ప మాట్లాడుకోలేదు. రామచంద్రప్ప ఇద్దరి మధ్యా కూర్చుని, ఎవరివైపూ చూడకుండా భోంచేసి, టమోటా తోటలోకి పారిపోయేవాడు.

మూడోరోజు మంజులమ్మ ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"నేను బలవంతం చెయ్యను. ఒకటి మాత్రం చెప్పు. మన బడి ఎట్లుంటే నువ్వు సహనను పంపుతావు? ఏమేమి ఉండాలో రాసియ్యి."

పవిత్ర అనుమానంగా చూసింది. అయినా రాసింది. మొదట్లో పొడిపొడిగా మొదలుపెట్టి, రాస్తూ రాస్తూ పేజీ నింపేసింది. రోజూ ఒక గంట ఇంగ్లీషు మాట్లాడించాలి. బాత్రూములో నీళ్ళు రావాలి. ఆడపిల్లల తలుపుకు గొళ్ళెం ఉండాలి. చదువుకోవడానికి కథల పుస్తకాలు ఉండాలి. గోడల మీద సున్నం రాలకూడదు. పిల్లలు ప్రశ్న అడిగితే ఎవరూ కసురుకోకూడదు.

"ఇదంతా చేసేదెవరు అత్తా?"

"నాకేం తెలుసు? నేను అడిగినాను, నువ్వు రాసినావు. అంతే."

మరునాడు పొద్దున ఆ కాగితం సొసైటీ గోడ మీద, పాల ధరల పట్టిక పక్కన అంటించి ఉంది. పైన మంజులమ్మ పెద్ద అక్షరాలతో రాసింది: మా కోడలు ఇవి అడిగింది. మీకేం కావాలో మీరూ రాయండి. పక్కన దారంతో ఒక పెన్ను వేలాడుతోంది.

విషయం తెలిసి పవిత్ర చెంగు బిగించుకుని సొసైటీకి వచ్చింది, కాగితం చించేద్దామని. అక్కడ ఐదారుగురు ఆడవాళ్ళు గోడ చుట్టూ మూగి ఉన్నారు. ఒకామె గట్టిగా చదువుతోంది, మిగతావాళ్ళు వింటున్నారు. గొళ్ళెం మాట దగ్గరకు వచ్చేసరికి ఇంకొకామె, "ఈ బిడ్డ నిజం రాసింది. మా పాప పొద్దన్నించీ నీళ్ళు తాగకుండా ఉంటాది, ఆ తలుపుకు భయపడి" అంది. పవిత్ర చెయ్యి కిందికి దిగిపోయింది.

సాయంత్రానికి కాగితం కింద కొత్త వరసలు చేరాయి. ఎవరో ఆటస్థలంలో ముళ్ళకంప తీసెయ్యాలని రాశారు. ఎవరో వారానికొక రోజు పిల్లలకు భజన నేర్పిస్తామని రాశారు. రాయడం రానివాళ్ళు మంజులమ్మకు చెప్పి రాయించారు. ఒక ముసలాయన, "మధ్యాన్నం అన్నంలోకి మా తోట మునగాకు ఎంత కావాలన్నా కోసుకోండి" అని రాయించాడు. అడగడం మొదలుపెట్టినవాళ్ళు ఇస్తామనడం కూడా మొదలుపెట్టారు. మంజులమ్మ ఇంకో కాగితం అతికించవలసి వచ్చింది.

మే నెల పొడుగునా బడి దగ్గర సందడే. సెలవుల్లో బడి తాళం చెవి మనోరమ టీచరు మంజులమ్మ చేతికిచ్చి, "నేను చూడలేదు, నాకు తెలియదు" అని నవ్వి వెళ్ళింది. రామచంద్రప్ప తోటలో మిగిలిన పైపులు తెచ్చి బాత్రూముకు నీళ్ళు పట్టాడు. తలుపుకు ఒకటి కాదు, రెండు గొళ్ళేలు బిగించాడు. ఎవరి ఇంట్లో మిగిలిన రంగు వాళ్ళు తెచ్చి వేశారు. అందుకే ఆ బడికి ఒక గోడ లేతపచ్చ, ఇంకో గోడ గులాబీ, వరండా మాత్రం పెళ్ళివారి ఇంటిలా ముదురు పసుపు. పద్ధతిగా లేదు గాని, చూసినవాళ్ళకు నవ్వు రాకుండా ఉండదు.

పొద్దున పది నుంచి పన్నెండు వరకు పవిత్ర వరండాలో కూర్చుని ఇంగ్లీషు చెప్పింది. మొదటిరోజు వచ్చింది నలుగురు. ఆమె పుస్తకం తియ్యలేదు. పిల్లలను టమోటా తోటలోకి తీసుకుపోయి, కనిపించినవాటన్నిటినీ ఇంగ్లీషులో పిలవమంది. రెండోవారానికి పదిహేనుమంది అయ్యారు. వాళ్ళలో వ్యాన్ పిల్లలూ ఉన్నారు. వాళ్ళకు పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు పాటలు వచ్చు గాని, మునక్కాయను ఏమంటారో రాదు. ఊరి బడి పిల్లలు వాళ్ళకు నేర్పించారు. సహన ఆ రెండు గంటల కోసం తొమ్మిది నుంచే జడ వేయించుకుని కూర్చునేది.

ఒకరోజు అన్నం తింటూ సహన, "అమ్మా, వ్యాన్లో నాకు రోజూ వాంతి వస్తాది. ఈడైతే రాదు" అంది. వ్యాను ఊళ్ళన్నీ తిరిగి టౌను చేరేసరికి గంటంబావు. రోజూ యూనిఫాం ఉతకడం పవిత్రకూ మామూలైపోయింది. ఆ సాయంత్రం యశ్వంత్‌కు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టేసి వచ్చి, పాలు కాస్తున్న అత్తతో అంది:

"ఒక సంవత్సరం చూస్తాను అత్తా. ఒక్క సంవత్సరం. నా బిడ్డకు ఇంగ్లీషు రాలేదనుకో, మళ్ళీ వ్యానే."

"రాకపోతే తప్పు టీచరుది" అంది మంజులమ్మ. "ఇంగ్లీషు టీచరు నువ్వే గదా."

పవిత్ర నవ్వేసింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

తరవాత మంజులమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడు ఎవరూ మనవరాలి మాట ఎత్తలేకపోయారు. వ్యాన్ పిల్లల్లో ముగ్గురి తల్లులు ఒప్పుకున్నారు. ఐదేళ్ళు నిండి ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ముగ్గురు. సహనతో కలిపి లెక్క పద్దెనిమిదికి వచ్చి ఆగింది. శ్రీరామప్ప ఇంటికి రెండుసార్లు పోయింది. ఆయన మజ్జిగ ఇచ్చాడు, మామిడిపళ్ళు ఇచ్చాడు, మనవడిని మాత్రం ఇవ్వలేదు.

"నా కొడుకు వినడు మంజులమ్మా. నేను చెప్పి చూసినాను. మీ బడికి ఇంకేమైనా అడుగు."

ఇంకా ఇద్దరు కావాలి. ఊళ్ళో వెతకని ఇల్లు లేదు. జూన్ మొదట్లో బడి తెరిచాక సొసైటీకి ఒక కొత్త మనిషి వచ్చింది. ఆంధ్రా వైపు పల్లె ఆమెది, పేరు చౌడేశ్వరి. పొలాల గట్టున నడిస్తే పది నిమిషాల దూరం. ఆమెకు ఈ సొసైటీలో పాల ఖాతా పుస్తకం లేదు. పాలు పోయడానికి రాలేదు కూడా. వరస అంతా అయిపోయేదాకా పక్కన నిలబడి, చివరికి దగ్గరికి వచ్చింది.

"అక్కా, రంగుల బడి మీదేనంట గదా. మాకు ఇద్దరు ఆడపిల్లలు. మా పక్క బడి మూడు మైళ్ళు. మీ బడి మా ఇంటి మిద్దె మీదికి కనిపిస్తాది. మా పిల్లోళ్ళను చేర్చుకుంటారా? మాది వేరే రాష్ట్రం గదా, అడగొచ్చో లేదో తెలీక నాల్గు రోజులు ఆలోచించి వచ్చినాను."

మంజులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, సొసైటీకి తాళం కూడా వెయ్యకుండా, సరాసరి మనోరమ టీచరు దగ్గరికి లాక్కుపోయింది. టీచరు ఆమె తెచ్చిన కాగితాలు చూసింది. "పుట్టినరోజు కాగితం ఉంది, పాత బడి టీసీ తెచ్చుకోండి. అది చాలు" అంది. నాలుగోరోజు ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్ళు రిబ్బన్లు కట్టుకుని గట్టు మీద నడిచి వస్తుంటే, ఊళ్ళోవాళ్ళు వీధిలోకి వచ్చి చూశారు. రామచంద్రప్ప, "వేరే రాష్ట్రం నుంచి వచ్చి చదువుకునేంత పెద్ద కాలేజీ అయిపోయిందప్పా మన బడి" అన్నాడు.

ఇరవై అయితే అయ్యారు. దూరం సంగతి మిగిలింది. ఊళ్ళో తిమ్మరాజు అని రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ చుట్టుపక్కల రూట్లలోనే పనిచేశాడు. తమిళంలో అర్జీ ఆయనే రాశాడు. రాసి, పైకి చదివి వినిపించి, ఆఖరున కళ్ళద్దాలు తీసి అన్నాడు: "మాటలు ఎన్ని రాసినా ఆఫీసరు మ్యాప్ చూస్తారు. మ్యాప్‌లో బండ ఎంతెత్తు ఉండాదో తెలీదు. నడిపించి చూపించాల."

జూన్ రెండోవారంలో అధికారి వచ్చింది. నడివయసు ఆవిడ, నూలు చీర, చేతిలో ఫైలు. ఊరివాళ్ళు బడి ముందు గుమిగూడి ఉండడం చూసి కారులోంచి దిగుతూనే ఆమె ముఖం కొంచెం బిగుసుకుంది. గొడవ జరుగుతుందనుకుంది కాబోలు. మంజులమ్మ ముందుకు వచ్చి దణ్ణం పెట్టి తమిళంలో, "మేడమ్, కాఫీ తాగండి. తాగినాక మా పిల్లోళ్ళతో పెద్దగుట్టూరు దాకా నడిచి రావాల. అంతే మేము అడిగేది" అంది.

ఆవిడ రంగురంగుల గోడలను కాసేపు చూసింది. పిల్లలను వరసలో నిలబెట్టి లెక్కపెట్టింది. ఇరవై. అక్కాచెల్లెళ్ళ దగ్గర ఆగి, "మీది ఏ ఊరు?" అని అడిగింది. చిన్నది గట్టుకు అవతలి వైపు చెయ్యి చూపించింది. మంజులమ్మ గబగబా వాళ్ళ టీసీలు ముందుకు చాపింది. ఆవిడ హాజరుపట్టీ తిరగేసి, టీసీలు చూసి, "సరి" అని మాత్రం అంది.

"ఒకటిన్నర కిలోమీటరే గదా, నడుద్దాం" అంది, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటూ.

నడక మొదలైంది. ముందు పిల్లలు, వెనక ఆఫీసరమ్మ, ఆమె పక్కన మంజులమ్మ, ఆ వెనక ఊరు ఊరంతా. తిమ్మరాజు అలవాటు చొప్పున మలుపు దాటినప్పుడల్లా స్టేజీ పేరు గట్టిగా అరిచాడు. పిల్లలు "రైట్, రైట్" అని కేకలు పెట్టారు. పావుగంటకు బండ దగ్గరికి వచ్చారు. దారి కుడివైపు తిరిగింది. ఆఫీసరమ్మ ఆగి, తలెత్తి బండను చూసింది, ఫైలులో మ్యాప్ చూసింది.

"ఇటు నేరుగా పోలేమా?"

"పోవచ్చు మేడమ్. కోతులు పోతాయి" అంది మంజులమ్మ.

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. అప్పటినుంచి మాటలు కలిశాయి. ఎండ పెరిగింది. ఒకటో తరగతి పిల్లలు ఒక్కొక్కరే వెనకబడి పెద్దల చంకలెక్కారు. వంక దగ్గర ఇసుకలో ఆవిడ చెప్పు తెగిపోయింది. మంజులమ్మ తన చెప్పులు విడిచి ముందు పెట్టింది. వద్దంటే వినలేదు. తాను ఉత్తికాళ్ళతో ఇసుకలోకి దిగింది.

"నువ్వు ఎంతవరకు చదివావమ్మా?" అని అడిగింది ఆవిడ, వంక మధ్యలో.

"ఐదు. మంచి మార్కులే వచ్చినాయి మేడమ్. ఈ బండా, ఈ వంకా అడ్డమొచ్చినాయి." చివరి మాటలు మంజులమ్మ మెల్లగా అంది. ఊళ్ళోవాళ్ళెవరూ ఆమె గొంతు అలా తగ్గడం వినలేదు. ఆమె వెంటనే మళ్ళీ గొంతు పెంచింది. "వానాకాలం రండి మేడమ్, ఈడ మొలలోతు పారతాది."

ఆఫీసరమ్మ ఫైలులో ఏదో రాసుకుంది.

వంక దాటగానే శ్రీరామప్ప తోట. ఆయన గేటు బార్లా తెరిచి, చెట్ల కింద చాపలు పరిచి, రెండు గంపల మామిడిపళ్ళు కడిగి పెట్టి నిలబడి ఉన్నాడు. ఎవరికీ ముందుగా చెప్పలేదు. "నా మనవడిని అడిగినావు, ఇయ్యలేదు. దీన్నైనా తీసుకో" అన్నాడు మంజులమ్మతో. పిల్లలు రసం మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నారు. ఆఫీసరమ్మ కూడా చాప మీద కూర్చుని తింది. సహన ఆవిడ దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో, మామిడిపండు గురించి నాలుగు ముక్కలు చెప్పింది. ఆవిడ ఇంగ్లీషులోనే ఇంకేదో అడిగింది. సహన తడుముకోకుండా జవాబు చెప్పింది. దూరంగా కూర్చున్న పవిత్ర మామిడి టెంకను చేతిలో పట్టుకుని, తినడం మరిచిపోయి చూస్తోంది.

పెద్దగుట్టూరు బడి గేటు ముట్టుకునేసరికి గంటన్నర అయింది. తిమ్మరాజు ఫోనులో దూరం చూపించాడు. నాలుగు కిలోమీటర్ల ఏడువందల మీటర్లు. ఆఫీసరమ్మ దాన్ని ఫోటో తీసుకుంది.

"నేను మాట ఇవ్వలేనమ్మా" అంది, రోడ్డు చుట్టి అక్కడికి వచ్చిన కారెక్కే ముందు. "చూసింది చూసినట్టు రాస్తాను. నా చేతిలో ఉన్నది అదే."

"అది చాలు మేడమ్" అంది మంజులమ్మ. కారు వెళ్ళిపోయాక చూసుకుంటే చెప్పులు ఆవిడ కాళ్ళకే ఉండిపోయాయి. తిరుగు ప్రయాణం శ్రీరామప్ప ట్రాక్టరు మీద. పిల్లలు దారిపొడుగునా పాడుతూనే ఉన్నారు.

ఆరు వారాలు ఏ కబురూ లేదు. ఆ రోజుల్లో మంజులమ్మకు తిండి సహించలేదు. పైకి మాత్రం ఎవరడిగినా, "వస్తాదిలేప్పా" అనేది. జూలై చివర ఒక మధ్యాహ్నం మనోరమ టీచరు బడి వదిలేసి సొసైటీ వైపు పరుగెత్తుకుంటూ వచ్చింది. యాభై దగ్గరపడిన ఆ టీచరు పరుగెత్తడం ఊరు చూడడం అదే మొదటిసారి. చేతిలో ఉత్తరం. ఊపిరి అందక ఆమె చదవలేకపోతే మంజులమ్మే లాక్కుని చదివింది. వెళ్ళే దారి నాలుగున్నర కిలోమీటర్లకు పైగా ఉన్నందువల్ల, వంక దాటవలసి ఉన్నందువల్ల, పిల్లల సంఖ్య ఇరవై ఉన్నందువల్ల, బోడిమిట్టపల్లి బడిని కలిపే జాబితాలోంచి తీసివేశారు. ఏటా సంఖ్యను చూస్తారు.

ఆమె రెండోసారి చదివింది, ఈసారి తెలుగులోకి మార్చి, గట్టిగా. ఆ గొంతు విని ఇళ్ళలోంచి జనం వచ్చేశారు. ఎవరో పలకడప్పులు తెచ్చి వాయించారు. భజన నేర్పిస్తామన్నవాళ్ళు నిజంగానే తాళాలు పట్టుకొచ్చారు. రామచంద్రప్ప జీవితంలో ఎగరనివాడు, వీధి మధ్యలో రెండు గంతులు వేశాడు. పవిత్ర పరుగున వచ్చి అత్తను వాటేసుకుంది. ఆ సాయంత్రం పాలు కొలవడం గంట ఆలస్యమైంది. టౌను నుంచి వచ్చిన పాల వ్యాను డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ, కడకు దిగివచ్చి, విషయం తెలుసుకుని, తానూ ఒక దరువు వేసి వెళ్ళాడు.

ఇప్పుడు బడిలో ఇరవై మూడుమంది. మోహిత్ ఇంకా వ్యాన్లోనే పోతున్నాడు. శనివారాలు మాత్రం పవిత్ర ఇంగ్లీషుకు వచ్చి కూర్చుంటాడు. పవిత్ర ఆ వరండాలో రోజుకు గంట చెబుతుంది. ఉద్యోగం కాదు, జీతం లేదు. టీచరు ట్రైనింగుకు అర్జీ పెట్టింది.

కిందటి నెల రాయకోట వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు రెండు బస్సులు మారి వచ్చారు. వాళ్ళ ఊరి బడికీ అలాంటి కాగితమే వచ్చిందట. ఎవరో మంజులమ్మ పేరు చెప్పారట. సొసైటీ గట్టు మీద కూర్చుని, "ఏం చెయ్యాలో చెప్పక్కా" అన్నారు.

"ముందు మీ పిల్లోళ్ళు యాడ చదువుతుండారో చెప్పండి" అంది మంజులమ్మ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె పకపకా నవ్వి, వాళ్ళకు చెరొక గ్లాసు పాలు ఇచ్చింది. మరునాడు పొద్దున, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి సొసైటీలో సెలవు చెప్పి, మిషను ఎలా నడపాలో భర్తకు నాలుగుసార్లు చూపించి, కొత్త చెప్పులు వేసుకుని రాయకోట బస్సెక్కింది. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి తల బయటపెట్టి, వెన్న శాతం సరిగా చూడమని రామచంద్రప్పకు అరిచి చెబుతూనే ఉంది.